యుద్ధనౌకల నుండి వచ్చిన కవర్లు

ఒకప్పుడు మన పట్టణములలో తపాలా బిళ్ళలు సేకరించు బాలుడు వీధికొక్కడైనను ఉండెడివాడు. కవరు మూలను కత్తిరించి, గిన్నెలోని నీటిలో నానవైచి, బిళ్ళను మెల్లగా ఊడదీసి, పాత వార్తాపత్రికపై ఆరబెట్టి, పిదప ఆల్బములో అమర్చుకొనుట ఆ విద్యకు ఓనమాలు. అయితే ఇదే వినోదమున మరియొక శాఖ కలదు. ఆ శాఖవారి దృష్టిలో ఈ కత్తిరింపు క్షమింపరాని అపరాధము. ఏలయన వారికి కావలసినది బిళ్ళ కాదు. బిళ్ళపై పడిన నల్లని ముద్ర, ముద్రలోని తేదీ, కవరుపై వ్రాసిన చిరునామా, మూలను పంపినవాడు వ్రాసికొన్న పేరు, వెనుకవైపున ఎవరో కొట్టిన మరియొక ముద్ర, ఇవన్నియు విడదీయరాని ఒకే పత్రముగా వారికి కావలయును. ఈ శాఖలోను మిక్కిలి విలక్షణమైనది, యుద్ధనౌకలలోని తపాలా కార్యాలయముల నుండి వెలువడిన కవర్లను సేకరించుట.

యుద్ధనౌకలో తపాలా కార్యాలయమేమని పాఠకులు శంకింపవచ్చును. పెద్ద యుద్ధనౌకయందు వేయిమంది నావికులు నెలల తరబడి ఇల్లువాకిళ్ళకు దూరముగా నివసింతురు. వారికి వంటశాల, వైద్యశాల, మంగలి గది ఉన్నట్లే, ఉత్తరములను వేరుచేయుటకును, బిళ్ళలు అమ్ముటకును, ముద్ర కొట్టుటకును ఒక చిన్న గది అవసరమైనది. ఈ అవసరమును చట్టరూపమున మొదట గుర్తించిన దేశములలో అమెరికా ముఖ్యమైనది. 1907 డిసెంబరు 16వ తేదీన తెల్లరంగు పూసిన 16 యుద్ధనౌకలు వర్జీనియా తీరమందలి హాంప్టన్ రోడ్స్ నుండి బయలుదేరి, భూగోళమును చుట్టి, 1909 ఫిబ్రవరి 22న స్వదేశమునకు మరలివచ్చినవి. ఈ సుదీర్ఘయాత్ర సాగుచుండగనే, 1908 మే 27న, నావికులలో నుండియే కొందరిని తపాలా గుమాస్తాలుగా నియమించుటకు అనుమతినిచ్చు శాసనము వెలువడెను. ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే కొన్ని నౌకలలో తపాలా కార్యాలయములు తెరవబడెను. నాటి నుండి ఒక్కొక్క నౌకకు తన పేరుగల ముద్ర ఏర్పడినది. భూమిమీది పోస్టాఫీసు ఒకచోట కదలక కూర్చుండి ఒకే ఊరి పేరును ఏండ్లకొలది అచ్చువేయును. ఈ పోస్టాఫీసు మాత్రము నేడు పనామాలోను, వచ్చే నెల మనీలాలోను ఉండును. ఈ సంచారమే సేకర్తల ఆకర్షణకు మూలము.

ముద్ర రూపమును కొంచెము నిదానముగా చూడవలసియున్నది. ఎడమవైపున ఒక వలయము. అందులో పైభాగమున నౌక పేరు, నడుమ నెల, తేదీ, సంవత్సరము. దానికి కుడిప్రక్కన బిళ్ళను మరల వాడుటకు వీలులేకుండ చెరుపు అడ్డుగీతలు. అమెరికా నౌకలలో వాడిన ఒక రకపు రబ్బరు ముద్రలో ఈ అడ్డుగీతల నడుమ ఖాళీ స్థలము విడువబడినది. ఆ ఖాళీలో తపాలా గుమాస్తా చిన్న రబ్బరు అక్షరములను చేతితో కూర్చి, నౌక ఆనాడు నిలిచిన రేవు పేరునో, ఒక పండుగ పేరునో, నౌకకు సంబంధించిన విశేషమునో అచ్చువేయుచుండెను. అక్షరములు కూర్చువాడు అచ్చుకూటపు పనివాడు కాడు, నావికుడు. కావున అక్షరము తలక్రిందులగుటయు, స్పెల్లింగు తప్పుటయు, నిన్నటి రేవు పేరు నేటికిని మార్చక విడిచివేయుటయు తరచు సంభవించెడివి. సాధారణ పాఠకునకు లోపముగా తోచునది సేకర్తకు పండుగ! ఈ ముద్రల వైవిధ్యమును క్రమపరచినవాడు అమెరికా నౌకాదళమున వైద్యుడుగా పనిచేసిన డాక్టరు ఫ్రాన్సిస్ లోసీ. వలయముల సంఖ్యను, అక్షరముల అమరికను, అడ్డుగీతల తీరును బట్టి ఆయన చేసిన వర్గీకరణమే నేటికిని ప్రమాణము. గీతల నడుమ మాటలుగల పైని చెప్పిన ముద్ర ఆయన పట్టికలో మూడవ రకము. వైద్యునకు రోగలక్షణములను విభజించి చూచు అలవాటు ఉండుట ఈ శాస్త్రమునకు మేలైనదని నేననుకొందును.

ఈ వ్యాసంగమునకు స్వర్ణయుగము 1930 దశాబ్దము. అమెరికా అంతటను ఉద్యోగములు లేక, చేతిలో డబ్బులేక జనులు దుర్భరమైన కాలము గడుపుచుండిరి. అయినను ఈ వినోదమునకు మూడు సెంట్ల బిళ్ళ, ఒక కవరు చాలును. సేకర్త తన చిరునామా తానే వ్రాసికొని, బిళ్ళ అంటించి, లోపల కవరు నలగకుండ దళసరి అట్టముక్క నుంచి, దానిని మరియొక కవరులో పెట్టి, ఫలానా తేదీన ముద్ర కొట్టి పంపవలసినదని వినయపూర్వకముగా ఒక చీటి వ్రాసి, నౌక తపాలా గుమాస్తాకు పంపును. కొన్ని వారములకో, నెలలకో ఆ కవరు ఇంటికి వచ్చును. నౌక తొలిసారి నీటిలోనికి జారిన దినము, నౌకాదళములో చేరిన దినము, తపాలా కార్యాలయము తెరచిన మొదటి దినము, మూసిన కడపటి దినము, భూమధ్యరేఖను దాటిన దినము, ఇట్టి ప్రతి సందర్భమునకును ప్రత్యేకముగా కవర్లు తయారైనవి. కవరు ఎడమభాగమున నౌక బొమ్మను, సందర్భ వివరములను అచ్చువేసి అమ్ము చిత్రకారులు బయలుదేరిరి. 1932లో 'యూనివర్సల్ షిప్ క్యాన్సిలేషన్ సొసైటీ' అను సంఘము స్థాపితమై, 'లాగ్' అను పత్రికను వెలువరింపసాగెను. ఆ సంఘమును, ఆ పత్రికయును నేటికిని సజీవములు.

ఇచట నా అభిప్రాయమొకటి చెప్పక తప్పదు. సేకర్త తనకు తానే వ్రాసికొని తెప్పించుకొన్న బొమ్మల కవరు చూచుటకు అందముగా ఉండును; మడత పడదు, మరక అంటదు. కాని అందులో ఉత్తరము లేదు. కేవలము ముద్ర కొరకు పుట్టిన కవరునకును, ఒక నావికుడు తల్లికి వ్రాసిన ఉత్తరమును మోసికొనిపోయిన కవరునకును నడుమనున్న అంతరమును ధర నిర్ణయించువారు తరచు గమనింపరు. అంచులు నలిగి, తొందరగా చించుటచే పైభాగము ఊడి, చమటచేతి గుర్తు పడిన ఆ రెండవ కవరే నా దృష్టిలో ఉత్తమమైనది. అట్లని మొదటి రకమును తీసివేయరాదు. ఆ బొమ్మల కవర్లను వేలకొలదిగా కోరి తెప్పించుకొన్న సామాన్యులే లేనిచో, ఎన్నో చిన్న నౌకల ముద్రలు మనకు బొత్తిగా దక్కకుండ పోయియుండెడివి.

ఈ వినోదము దేశాధ్యక్షుని వరకు ప్రాకినది. ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు స్వయముగా తపాలా బిళ్ళల సేకర్త. అంతకుముందు నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శిగా పనిచేసినవాడు. అధ్యక్షుడైన పిదప విశ్రాంతియాత్రలకు ఆయన తరచు ఎన్నుకొన్నది 'హ్యూస్టన్' అను క్రూయిజరు నౌక. 1930 జూన్ 17న నౌకాదళమున చేరిన ఈ నౌక, మరుసటి సంవత్సరము నుండి మనీలా, షాంఘై ప్రాంతములలో ఆసియా నౌకాదళమునకు అధిపతినౌకగా ఉండెను. 1934 వేసవిలో రూజ్వెల్టు అనాపొలిస్‌లో హ్యూస్టన్ ఎక్కి, కరిబియన్ దీవులమీదుగా పనామా కాలువ దాటి హవాయికి చేరెను. పదవిలో నుండగా హవాయిని దర్శించిన మొదటి అధ్యక్షుడాయనయే. 1938లో శాన్ డియాగో నుండి బయలుదేరి గలాపగోస్ దీవులను చూచి పెన్సకోలాకు చేరిన యాత్రలో, స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్డో ష్మిట్ అను జంతుశాస్త్రజ్ఞుడు కూడ ఉండెను. ఒకవంక అధ్యక్షుడు చేపలు పట్టుచుండ, మరొకవంక శాస్త్రజ్ఞుడు పీతలను, గుల్లలను సీసాలలో నింపుచుండ, క్రింది అంతస్తులో తపాలా గుమాస్తా కవర్ల కట్టలకు ముద్రలు కొట్టుచుండెను. ఆ ముగ్గురిలో ఎక్కువగా అలసినవాడెవడో ఊహించుట కష్టము కాదు.

ఆ యాత్రలనాటి హ్యూస్టన్ కవరు ఒకటి మన చేతికి వచ్చినదనుకొందము. కుడిమూలను ఊదారంగు వాషింగ్టన్ బిళ్ళ. వెల మూడు సెంట్లు. అది 1932 తరువాతి కవరనుటకు ఇది మొదటి సాక్ష్యము, ఏలయన ఉత్తరపు వెల రెండు సెంట్ల నుండి మూడు సెంట్లకు పెరిగినది ఆ సంవత్సరము జూలైలోనే. వలయములోని తేదీని నౌక యాత్రాపట్టికతో పోల్చవలెను. ఆనాడు నౌక నడిసముద్రమున ఉండగా గీతల నడుమ రేవు పేరు ఉన్నచో గుమాస్తా అక్షరములు మార్చుట మరచెనేమో విచారింపవలెను. సిరా అక్షరముల అంచులకు చేరి గట్టుగట్టినదా, లేక సమముగా పరచుకొన్నదా అని భూతద్దముతో చూడవలెను; రబ్బరు ముద్రకును, లోహపు ముద్రకును భేదము అచట తెలియును. చిరునామా టైపు చేయబడి, కవరు నోరు అంటింపబడకుండ లోపలికి మడువబడియున్నచో అది సేకర్తదే. చేతివ్రాతయై, కాగితము మందము వలన మధ్యన ఉబ్బెత్తుగా ఉన్నచో అది నావికుని స్వంత ఉత్తరమని తలంపవచ్చును.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై జపాను విమానములు దాడి చేసినవి. అచట మునిగిన 'అరిజోనా' యందు 1,177 మంది మరణించిరి. పది సంవత్సరములకు పూర్వము, 1931 మార్చిలో, అధ్యక్షుడు హూవరు ఆ నౌకమీదనే పోర్టోరికోకు విహరించియుండెను. ఆ విహారపు కవరునకును, కడపటి దినములనాటి కవరునకును నేడు సేకర్తలు సమానమైన ఆతురతతో ఎదురుచూతురు. యుద్ధము ప్రారంభమైన వెంటనే నౌకల పేర్లుగల ముద్రలు ప్రక్కకు తీయబడినవి. ఏ నౌక ఏ తేదీన ఎచట ఉన్నదో శత్రువునకు తెలియరాదు గదా! వలయములో నౌక పేరున్న చోట 'యు.ఎస్. నేవీ' అను మాట మాత్రము మిగిలెను. కొన్ని నౌకలలో క్రొత్త ముద్ర వచ్చువరకు పాత ముద్రలోని పేరును కత్తితో చెక్కివేసి వాడిరి. 1942 వసంతము నుండి సైనికులకును, నావికులకును ఉత్తరములు ఉచితమగుటచే, బిళ్ళయు పోయి, బిళ్ళ ఉండవలసిన మూలను 'ఫ్రీ' అను చేతివ్రాత వచ్చెను. క్రింద గుండ్రని, లేక చతురస్రమైన సెన్సారు ముద్ర. దానిలో ఉత్తరమును చదివిన అధికారి పొడి అక్షరములు.

బొమ్మలు, రంగులు, రేవుల పేర్లు అన్నియు తొలగిన ఈ బోసి కవర్లను చాలమంది సేకర్తలు మొదట లెక్కచేయలేదు. వాస్తవమునకు చదువ నేర్చినవానికి ఇవియే ఎక్కువ చెప్పును. ముద్ర మౌనముగా ఉన్నను, నావికుడు పంపినవాని చిరునామాలో తన నౌక పేరును, శాన్ ఫ్రాన్సిస్కోలోనో, న్యూయార్కులోనో గల ఫ్లీట్ పోస్టాఫీసు పేరును వ్రాయుచుండెను. ఆ మూలలోని పేరును, ముద్రలోని తేదీని, యుద్ధము ముగిసిన పిదప బయటపడిన నౌకల దినచర్యా పుస్తకములను ఒకచోట చేర్చినచో, ఆ ఉత్తరము ఏ ద్వీపము దగ్గర, ఏ దాడికి ముందు నాడు పడినదో తేలును. సెన్సారు దాచిన విషయమును ముప్పది యేండ్ల తరువాత ఒక గృహస్థు భోజనపు బల్లమీద తేల్చుట ఈ వ్యాసంగమునకే చెల్లినది.

హ్యూస్టన్ కథ 1942తో ముగిసెను. ఫిబ్రవరి 4న బాంబు తగిలి వెనుకనున్న ఫిరంగుల గోపురము పనికిరాకుండ పోయినను ఆ నౌక వెనుదిరుగలేదు. జావా సముద్రమున పోరాడి, ఫిబ్రవరి 28 రాత్రి ఆస్ట్రేలియా నౌక 'పెర్త్'తో కూడ సుందా జలసంధిలో శత్రునౌకల గుంపునకు చిక్కి, అర్ధరాత్రి దాటిన పిదప మునిగిపోయెను. కెప్టెన్ ఆల్బర్ట్ రూక్స్ మరణించెను. నౌకయందున్న 1,061 మందిలో 368 మంది మాత్రమే ప్రాణములతో బయటపడి బందీలైరి. వారిలో పెక్కుమంది బర్మా, సయాముల నడుమ రైలుమార్గము వేయు చెరపనికి తరలింపబడిరి. ఇంటివారికి ఈ సంగతి చాలకాలము తెలియలేదు. వారు వ్రాసిన ఉత్తరములు నౌకను చేరలేక, చిరునామాపై గీతలు గీయబడి, 'పంపినవారికి తిరిగి ఈయవలెను' అను ముద్రతో గుమ్మమునకు మరలివచ్చినవి. బందిఖానా నుండి వచ్చిన కార్డులలోనో, ముందుగనే అచ్చువేసిన వాక్యములలోని ఖాళీలు నింపుట తప్ప వ్రాయుటకు వీలులేదు. తెరువని ఉత్తరముతో తిరిగివచ్చిన కవరునకు ఎంత వెల కట్టవలెనో నాకు తెలియదు, వేలముపాటలలో కట్టుచున్నారు.

హ్యూస్టన్ నగర పౌరులు యుద్ధబాండ్లు కొని క్రొత్త నౌకకు ధనము కూర్చిరి. వేయిమంది యువకులు నౌకాదళమున చేరిరి. 1943 డిసెంబరులో అదే పేరుతో మరియొక క్రూయిజరు బయలుదేరినది. కావున హ్యూస్టన్ అను పేరు కనబడినంతనే మురిసిపోరాదు. నౌకలకు పేరుతోపాటు ఒక సంఖ్యయు ఉండును, మునిగినది సి.ఏ. 30, పిదప వచ్చినది సి.ఎల్. 81. పాతదాని యశస్సును క్రొత్తదాని కవరుకు అంటగట్టి అమ్మువారు లేకపోలేదు.

అసలు మోసముల సంగతి వేరుగా చెప్పవలసినంత ఉన్నది. 1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతమున 'మిస్సోరీ' నౌకపై జపాను లొంగుబాటు పత్రముపై సంతకములు చేసిన దినపు కవర్లవంటి వాటికి గిరాకి ఎంతయో, దొంగసరకు కూడ అంతయే. మోసగాడు ముద్రను చక్కగా అనుకరించును గాని కవరులోని తక్కినవాటిని మరచును. అమెరికా పెద్ద నగరముల చిరునామాలలో మండల సంఖ్యలు వాడుట 1943లో మొదలైనది. అయిదంకెల జిప్ కోడు 1963లో వచ్చినది. 1941 డిసెంబరు ముద్రగల కవరుమీది చిరునామాలో ఆ అంకెలు అదే చేతివ్రాతతో అమరియున్నచో ఇక భూతద్దముతో పనిలేదు.

ఇతర దేశముల పద్ధతులు వేరు. బ్రిటిషువారు మొదటి ప్రపంచయుద్ధమున 'రాజనౌక నుండి అందినది' అని మాత్రమే చెప్పు ముద్రను, రెండవ యుద్ధమున 'మారిటైమ్ మెయిల్' అను ముద్రను వాడి నౌక పేరును పూర్తిగా దాచిరి. జర్మనులు 1895 నుండియే తమ నౌకల తపాలాకు పేర్లకు బదులు సంఖ్యలిచ్చిరి. ఒకే సంఖ్య వేర్వేరు కాలములలో వేర్వేరు నౌకలకు చెందుటచే, పట్టిక లేనివానికి ఆ ముద్ర అర్థము కాదు. చైనాతీరమందలి చింగ్‌తావో స్థావరముగా గల జర్మను తూర్పు ఆసియా దళములోని నౌకలకును ఇదే పద్ధతి. ఆ దళములో 'ఎమ్డెన్' ఒకటి. 1914 సెప్టెంబరు 22 రాత్రి మదరాసు రేవులోని బర్మా ఆయిల్ కంపెనీ చమురు తొట్లను ఫిరంగులతో తగులబెట్టిన నౌక ఇదియే. ఆనాడు మదరాసులో ఉన్న మన తెలుగువారు మూటాముల్లె కట్టుకొని ఊళ్ళకు పరుగెత్తిన కథను తాతలనోట వినని ఇల్లు ఆ ప్రాంతమున అరుదు.

మనదేశమున నావికులకు వ్రాయు ఉత్తరములు ఫ్లీట్ మెయిల్ ఆఫీసు మీదుగా చేరును. ముంబయి, కొచ్చి, విశాఖపట్టణములలో నావికుల కుటుంబములకు ఈ చిరునామా కంఠస్థము. సైన్యమున కొడుకున్న ఇంటివారికి '56 ఏ.పీ.ఓ.' ఎట్లో వీరికి ఇది అట్లు. నౌకలు దళమున చేరునపుడును, సేవ నుండి విరమించునపుడును సైనిక తపాలాశాఖ ప్రత్యేక కవర్లను వెలువరించుచున్నది. వాటిపై ఊరిపేరు గల ముద్రకు మారుగా సంఖ్యగల క్షేత్ర తపాలా ముద్ర ఉండును. 1968లో మనదేశమున కట్టిన 'నీలగిరి' నౌక బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చినది. 1984లో రాష్ట్రపతి నౌకాదళమును పరిశీలించిన సందర్భమున నాలుగు బిళ్ళలు వచ్చినవి. 2006 ఫిబ్రవరిలో అట్టి పరిశీలన విశాఖపట్టణమున జరిగినపుడును బిళ్ళలు వెలువడినవి. 2016లో అనేక దేశముల నౌకలు అదే తీరమున బారులు తీరినవి. తూర్పు నౌకాదళమునకు కేంద్రమైన ఊరు తెలుగుతీరమున ఉండియు, ఈ కవర్లను శ్రద్ధగా చదివి వ్రాసిన తెలుగు గ్రంథము మనకు కానరాకుండుట విచారకరము.

ఆ లోటును తీర్చు సామగ్రి మ్యూజియములలో లేదు, ఇండ్లలో ఉన్నది. విశాఖలోను, శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోను నౌకాదళమున పనిచేసి వచ్చినవారి ఇండ్లు ఎన్నో కలవు. అటకమీది రేకుపెట్టెలో అట్టి ఉత్తరములున్నచో, పిల్లవాడు అడిగినాడని బిళ్ళను కత్తిరింపనీయకుడు. ఉత్తరమును కవరు నుండి వేరుచేయకుడు. సెల్లోటేపు అంటింపకుడు, సిరాతో కవరుపై ఏమియు వ్రాయకుడు. వ్రాసినవారెవరో, ఏ నౌకలో ఏ సంవత్సరములలో పనిచేసిరో వేరు కాగితముమీద పెన్సిలుతో వ్రాసి దానితో కలిపి, తేమ తగులని చోట భద్రపరచుడు. వ్రాసిన నావికుడు ఇంకను మన నడుమ ఉన్నచో ఆ పని ఈ ఆదివారమే చేయుడు.